తిత్లీ తర్వాత తెప్ప మళ్ళీ నీళ్ళలోకి దిగేదాకా: మా ఊళ్ళో నా అనుభవం

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను విశాఖపట్నంలో ఉన్నాను, నా ఉద్యోగం అక్కడే. మా ఊరు వజ్రపుకొత్తూరు వైపు, సముద్రం ఒడ్డునే. రాత్రి పన్నెండు దాకా నాన్నతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. "గాలి ఉత్తరం నుంచి కొడతంది, తెప్పలన్నీ దిబ్బ మీదకి లాగేశాం, నువ్వు పడుకో" అన్నాడు. నిద్ర ఎక్కడ పడుతుంది, రెండున్నరకి మళ్ళీ చేస్తే నాన్న ఫోన్ కలవలేదు, అమ్మది కలవలేదు, ఊళ్ళో నాకు తెలిసిన నంబర్లన్నీ వరసగా చేశాను, ఒక్కటీ మోగలేదు. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి అని టీవీలో చెబుతున్నారు, మా ఊరి పేరు మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

తర్వాత నాలుగు నెలలు ఊరికీ విశాఖకీ మధ్య తిరుగుతూనే గడిపాను. ఏటా అక్టోబర్ వచ్చి ఎక్కడో తుపాను పడితే "మత్స్యకారులకి ఏం పంపాలి, ఎలా సాయం చెయ్యాలి" అని ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి మాకు ఏం జరిగింది, మేం ఏం చేశాం, ఎక్కడ తప్పు చేశాం అన్నీ ఇక్కడ రాస్తున్నాను.

12వ తేదీ పొద్దున్నే బయల్దేరాను. రైళ్ళు లేవు, బస్సు టెక్కలి దాకా వెళ్ళింది, అక్కడి నుంచి స్నేహితుడి బైకు. పలాస దాటి తీరం వైపు తిరిగాక రోడ్డే కనబడలేదు, రోడ్డుకి అడ్డంగా అంతా కొబ్బరి చెట్లే. ఉద్దానం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మిట్ట మధ్యాహ్నం కూడా కొబ్బరి నీడలోనే నడిచే ప్రాంతం అది. అలాంటి చోట నెత్తి మీద ఆకాశం మొత్తం ఖాళీగా కనబడుతుంటే కళ్ళలో నీళ్ళు ఆగలేదు. కుర్రాళ్ళు రంపాలతో, గొడ్డళ్ళతో చెట్లు కోసి దారి చేస్తున్నారు, మేమూ దిగి సాయం పట్టాం. పదిహేను కిలోమీటర్లకి నాలుగు గంటలు పైనే పట్టింది.

ఊళ్ళో ప్రాణాలు పోలేదు. 2013లో ఫైలిన్, సరిగ్గా ఏడాదికి అదే 12వ తేదీన హుద్‌హుద్, రెండూ చూసిన ఊరు కాబట్టి హెచ్చరిక రాగానే వేట మానేశారు, ముసలివాళ్ళనీ పిల్లల్నీ బడిలోకి పంపేశారు. నాన్న నన్ను చూసి ఏం మాట్లాడలేదు, చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్ళాడు.

మా ఊళ్ళో తెప్పలు ముప్ఫై ఒకటి. తెప్పలంటే పాతకాలం కొయ్య తెప్పలు కాదు, ఇంజను ఉన్న ఫైబర్ బోట్లు, మేం మాత్రం అలవాటుగా తెప్పలనే అంటాం. దిబ్బ మీదకి లాగి మోకులతో సరుగుడు చెట్లకి గట్టిగా కట్టారు. ఆ చెట్లే వేళ్ళతో సహా లేచి తెప్పల మీద పడ్డాయి. తొమ్మిది రెండు ముక్కలయ్యాయి, పద్నాలుగింటికి బొక్కలు, చీలికలు, ఐదు అసలు కనబడలేదు, చెక్కుచెదరనివి మూడు. వలలు ఇసకలో సగం పూడుకుపోయి, మొగలి ముళ్ళ డొంకలతో, విరిగిన రేకులతో కలిసి ముద్దలు ముద్దలుగా ఉన్నాయి. మా బాబాయ్ ఒక వల ముద్ద పక్కన కూర్చుని చేత్తో ఇసక తీస్తున్నాడు. కాస్త తీయడం, లాగడం, రాకపోతే మళ్ళీ తీయడం. ఆయన్ని లేవమనడానికి నాకు నోరు రాలేదు.

మొదటి మూడు రోజులు నేను పెద్ద తప్పు చేశాను. ఆత్రంలో తెలిసినవాళ్ళందరికీ "ఏదైనా సరే పంపండి" అని మెసేజ్ పెట్టాను. జనం మంచివాళ్ళు, పంపారు కూడా. బట్టలు వ్యాన్ల నిండా వచ్చాయి, చలి స్వెట్టర్లు, పట్టు చీరలు, చిన్నపిల్లల బూట్లు. వాటిని దించడానికీ, విడదీయడానికీ, పంచడానికీ రెండు రోజులు ఇరవైమంది పని పోయింది. ఆ రెండు రోజులూ ఇసకలో వల, ఉప్పునీళ్ళలో ఇంజను అలాగే ఉండిపోయాయి. బియ్యం సంగతి ప్రభుత్వం చూసుకుంది, మత్స్యకార కుటుంబానికి 50 కిలోలు ఇచ్చారు, అది నిజంగా ఆదుకుంది. ఆ బియ్యం దించుకుంటున్నప్పుడే మా మావ ఒకాయన నాతో అన్నాడు: "బియ్యం తినేసి ఒడ్డున కూకుంటే ఎన్నాళ్ళురా అల్లుడూ? వలుంటే సాలు, బియ్యం మేమే కొనుక్కుంటాం." మేం చేసిన పనంతా ఆ మాట పట్టుకుని చేసిందే.

ఆ సాయంత్రం గంగమ్మ గుడి ముందు అందరం కూర్చున్నాం. నాన్న చేపల లెక్కలు రాసుకునే పుస్తకంలో మిగిలిన కాగితాల మీద ఇల్లిల్లూ రాయడం మొదలుపెట్టాను. ఎవరి తెప్ప, ఎవరి ఇంజను, ఏ వలలు, ఎన్ని కిలోలు, ఎవరు ఎవరి తెప్ప మీద కలాసీ (వేటకి వెళ్ళే పనివాడు), ఎవరు చేపలమ్ముతారు, ఎవరికి ఎంత బాకీ. బాకీలు చెప్పడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు. మా నాన్న లేచి మా ఇంటి బాకీ అందరి ముందూ చెప్పాక ఒక్కొక్కరూ చెప్పారు. ఆ పుస్తకం తర్వాత నాలుగు నెలలూ మాకు దారి చూపించింది, ఇప్పటికీ దాచి ఉంచాను.

ఇంజన్ల గురించి ముందు చెప్తాను, ఎందుకంటే అక్కడ ఆలస్యమైతే వస్తువు పోయినట్టే. ఉప్పునీళ్ళలో మునిగిన ఇంజనుని బయటకి తీసి ఎండలో పెడితే ఆరుతుందనుకుంటారు చాలామంది. గాలి తగిలితేనే తుప్పు తొందరగా పడుతుంది. పలాస నుంచి వచ్చిన మెకానిక్ మొదటి మాటే "ఎవరూ స్టార్ట్ చెయ్యొద్దు, తాడు లాగొద్దు" అని. మంచినీళ్ళతో బాగా కడిగి, వెంటనే విప్పలేని ఇంజన్లని మంచినీళ్ళ డ్రమ్ములోనే ముంచి ఉంచమన్నాడు, విప్పేదాకా. తర్వాత ఆయిలు తీసేసి, డీజిల్‌తో కడిగి, కొత్త ఆయిలు పోసి, కాసేపు తిప్పి మళ్ళీ ఆ ఆయిలు కూడా తీసేసి, అలా రెండు మూడు సార్లు.

చెప్పడానికి బాగానే ఉంది, మంచినీళ్ళెక్కడివి? కరెంటు లేదు, బోర్లు పనిచెయ్యవు, తాగడానికే ట్యాంకరు వస్తే బిందెలతో తోపులాట. తాగే నీళ్ళు ఇంజన్లకి పోస్తామంటే ఆడవాళ్ళు ఊరుకుంటారా, ఊరుకోకూడదు కూడా. రెండు కిలోమీటర్ల అవతల చెరువుంది, కొట్టుకొచ్చిన ఆకులతో నల్లగా ఉన్నా ఉప్పు మాత్రం లేదు. ట్రాక్టరు మీద డ్రమ్ములు పెట్టుకుని అక్కడి నుంచి తెచ్చాం. బట్టల పంపకంలో పోయిన ఆ రెండు రోజులూ ఈ పని చేసి ఉంటే ఇంకో నాలుగు ఇంజన్లు దక్కేవని మెకానిక్ అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

డబ్బు విషయం కూడా దాపరికం లేకుండా చెప్తాను. విశాఖలో నాతో పనిచేసేవాళ్ళు, హైదరాబాద్‌లో ఉన్న మా ఊరి పిల్లలు, గల్ఫ్‌లో ఉన్న ఇద్దరు, వాళ్ళ స్నేహితులు, అందరూ కలిపి 5 లక్షల 80 వేలు ఇచ్చారు. ముప్ఫై ఒక్క తెప్పల ఊరికి అది చాలా తక్కువ. కొత్త ఫైబర్ తెప్ప, ఇంజను, వలలు కలిపి చూస్తే ఆ డబ్బుకి రెండు సెట్లు కూడా పూర్తిగా రావు. ఇక పరిహారం లెక్క చూస్తే, అప్పటి జాతీయ విపత్తు సహాయ నిబంధనల్లో పడవ పూర్తిగా పోతే 9,600 రూపాయలు, బాగుచేసుకోగలిగితే 4,100, వల పూర్తిగా పోతే 2,600, కొంత చిరిగితే 2,100. రాష్ట్రం తన వంతు కలిపి అంతకంటే ఎక్కువే ప్రకటించింది, కానీ అది చేతికందేదాకా ఆగాలంటే కడుపు ఆగదు కదా. మా వైపు చిన్న తెప్పలకి ఇన్సూరెన్సు కూడా ఉండదు.

కొత్త తెప్పలు కొనే ఆలోచన మాన్పించింది మాకు తెలిసిన ఒక పెద్దాయన. 2004 సునామీ తర్వాత ఆయన నాగపట్నం వైపు రెండేళ్ళు పనిచేశారు. అక్కడ సాయం చేసేవాళ్ళు ఎక్కువై, పోటీ పడి చిన్న పడవలు పంచారనీ, కొన్ని ఊళ్ళలో సునామీకి ముందున్నవాటికంటే ఎక్కువ పడవలయ్యాయనీ, తొందరలో చేసిన కొన్ని పడవల ఫైబరు పల్చగా ఉండి కెరటాన్ని తట్టుకోలేకపోయిందనీ, పడవలు పెరిగాక ఉన్న కలాసీలు చాలలేదనీ చెప్పారు. "ముందు బాగయ్యేవి బాగు చెయ్యండి, ఒక తెప్ప మీద ఎన్ని ఇళ్ళు బతకగలవో చూడండి" అన్నారు.

దాన్ని గుడి దగ్గర పెట్టాం. మూడు రాత్రులు వాదన జరిగింది, గొంతులు లేచాయి, ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు కూడా. చివరికి తేలింది ఇది: బొక్కలు పడ్డ పద్నాలుగు తెప్పలు ముందు బాగుచెయ్యాలి. అవి నీళ్ళలోకి దిగాక, తెప్ప పోయినవాళ్ళు వాటి మీద కలాసీలుగా వెళ్ళాలి. వేటలో వచ్చిన డబ్బులో తెప్పకో వాటా, వలకో వాటా, మనిషికో వాటా ఉంటుంది కదా, సంక్రాంతి దాకా తెప్ప వాటా సగానికి తగ్గించుకోవాలి. తెప్పలున్నవాళ్ళు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. వాళ్ళూ అప్పుల్లోనే ఉన్నారు. ఎవరూ బలవంతపెట్టలేదు, నిన్నటిదాకా పక్క తెప్ప మీద తనకి సమానంగా నిలబడ్డ సరంగు, అంటే తెప్ప నడిపేవాడు, ఈ రోజు ఖాళీ చేతులతో నిలబడితే చూడలేక ఒప్పుకున్నారు. బయటి నుంచి వచ్చిన మేమెవరమూ చెప్పి చేయించగలిగేది కాదు అది.

ఫైబర్ పని తెలిసిన ఇద్దరిని కాకినాడ నుంచి రప్పించాం. నేను దగ్గరుండి చూసి నేర్చుకున్నదేమిటంటే, బొక్క మీద పట్టీ వేసినట్టు మ్యాట్ (ఫైబరు గుడ్డ) అతికిస్తే అది నెల కూడా నిలబడదు. చీలిక చుట్టూ చెయ్యెడు వెడల్పున గ్రైండరుతో ఏటవాలుగా అరగదీయాలి, ఉప్పు పోయేదాకా కడగాలి, పూర్తిగా ఆరాలి, అప్పుడు మ్యాట్ పొర, దాని మీద రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు), మళ్ళీ మ్యాట్, మళ్ళీ రెజిన్. తడి ఉంటే రెజిన్ గట్టిపడదు. అక్టోబర్ చివర్లో చినుకులు పడినప్పుడల్లా టార్పాలిన్లు కప్పి కూర్చునేవాళ్ళం. కరెంటు రావడానికి మా ఊరికి రెండు వారాలు పైనే పట్టింది, అప్పటిదాకా గ్రైండరు జనరేటరు మీదే తిరిగింది. తుపానుకి వచ్చిన టార్పాలిన్లన్నిటిలోకీ ఎక్కువ పనికొచ్చినవి ఇళ్ళ మీద వేసినవి, తర్వాత ఈ తెప్పల మీద వేసినవే. పద్నాలుగు తెప్పలకీ కలిపి ఒక లక్షా 60 వేలు అయింది, ఇంజన్లకి 70 వేలు, జనరేటరు అద్దె, డీజిలు 12 వేలు.

వలలకి పెట్టిందే ఎక్కువ, 2 లక్షల 60 వేలు. దుకాణాల్లో వల కిలోల లెక్కన అమ్ముతారు. కానీ వలంటే ఆ దారం ఒక్కటే కాదు, పైన తేల్చే బెండ్లు, కింద ముంచే సీసం గుళ్ళు, అంచు తాళ్ళు, ఇవన్నీ కలిస్తేనే వల. ఇసకలో పూడిపోయిన వలల్లో దారం తెగిపోయినా బెండ్లు, సీసం, తాళ్ళు చాలావరకు బాగానే ఉన్నాయి. కాబట్టి పాతవాటిని తవ్వి తీసి, పనికొచ్చేవి విడదీసి, కొత్త దారం వల మాత్రమే కొన్నాం. ఏం కొనాలన్నది మేం నిర్ణయించలేదు, ఊరి నుంచి ముగ్గురు సరంగుల్ని విశాఖ తీసుకెళ్ళాం. చేపని బట్టి వల కన్ను, అంటే దారాల మధ్య సందు, మారుతుంది: కవళ్ళకి ఒక కన్ను, కానాగంతలకి ఒక కన్ను, చందువకి ఇంకో కన్ను, దారం మందం వేరు, రంగు వేరు. దుకాణంలో వాళ్ళు వలని వెలుతురుకి ఎత్తి, వేళ్ళతో కన్ను కొలిచి, ముడి లాగి చూసి, మూడు రకాలు వద్దని పక్కన పడేశారు. నేనైతే ధర చూసి ఆ మూడే కొనేవాణ్ణి.

విడదీయడానికీ, అల్లడానికీ కూలి ఇచ్చాం. ఈ పని మేం చేసినవాటిలో నాకు చాలా తృప్తినిచ్చింది. సొంత తెప్ప లేని కలాసీలు, వేటకి వెళ్ళలేని ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, అరుగుల మీద కూర్చుని రోజంతా అల్లేవారు. రోజు సాయంత్రం కూలి చేతిలో పెట్టేవాళ్ళం. డెబ్భై ఏళ్ళ తాత ఒకాయన, చూపు సరిగ్గా ఆనదు, వేళ్ళతో తడిమి కన్ను తప్పకుండా అల్లేవాడు, ఆయన అల్లిన ముడి నేను ఎంత లాగినా జారలేదు.

ఇక జాబితాల సంగతి. నష్టం రాయడానికి వచ్చినవాళ్ళు తెప్ప పక్కన నిలబెట్టి ఫోటో తీసి ఫోన్లో ఎక్కించారు, రిజిస్ట్రేషన్ నంబరు అడిగారు. విరిగిన తెప్పలకి అది బాగానే సాగింది. కొట్టుకుపోయిన ఐదింటి సంగతేంటి? తెప్పే లేనప్పుడు ఫోటో ఏం తీస్తారు. ఇంకో ఏడింటికి కాగితాలు చనిపోయిన తండ్రి పేరు మీదో, ఎప్పుడో అమ్మేసిన అన్న పేరు మీదో ఉన్నాయి. "నంబరు లేకపోతే మేమేం చెయ్యలేం" అని ఒక ఆఫీసులో, "అక్కడ సంతకం పెట్టించుకు రండి" అని ఇంకో ఆఫీసులో, కాళ్ళరిగేలా తిరిగాం. వేటకి వెళ్ళే మనిషి ఆఫీసు చుట్టూ ఒక రోజు తిరిగితే ఆ రోజు వాటా పోతుంది. అందుకే ఆ తిరగడం నేనూ, డిగ్రీ చదివే మా చెల్లెలూ మా మీద వేసుకున్నాం.

ఆధారాలు ఎక్కడెక్కడ దొరికాయో చెప్తే ఎవరికైనా పనికొస్తుంది. ఒక తెప్ప ముక్క, నంబరు ఉన్న ముక్కే, ఉత్తరంగా ఎనిమిది కిలోమీటర్ల అవతల ఊరి ఒడ్డున దొరికింది. ఇంకోదానికి ఇంజను కొన్నప్పటి రసీదు, అప్పు కాగితం. మూడోదానికి పెళ్ళి ఆల్బం. పెళ్ళికొడుకు తెప్ప మీద కూర్చుని దిగిన ఫోటోలో నంబరు స్పష్టంగా ఉంది. మా చెల్లెలు ఆ సాయంత్రం ఊళ్ళో ఉన్న ఆల్బంలన్నీ తిరగేసింది. వీటన్నిటికీ నకళ్ళు తీసి, ఊరి పెద్దలు, పక్క తెప్పలవాళ్ళు సాక్షి సంతకాలు పెట్టి, ఒక్కొక్కరికీ విడిగా అర్జీ రాసి, సోమవారం అర్జీలు తీసుకునే రోజు వెళ్ళి ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్నాం. ఆ ముద్ర చాలా ముఖ్యం, తర్వాత "మాకు రాలేదు" అంటే చూపించడానికి అదొక్కటే ఉంటుంది. ఐదింటిలో మూడింటికి డబ్బు పడింది, అదీ మరుసటి ఏడాది. రెండింటికి పడలేదు.

తెప్ప ఉన్నవాడికైనా జాబితాలో ఒక గడి ఉంది. కలాసీకి లేదు. చేపలమ్మే ఆడవాళ్ళకి అసలే లేదు. మా ఊళ్ళో ఇరవై ఆరుమంది తట్ట నెత్తిన పెట్టుకుని, ఆటోల్లో ఉద్దానం ఊళ్ళకి వెళ్ళి అమ్ముతారు. వాళ్ళలో ఎనిమిదిమందికి భర్తలు లేరు. అమ్ముదామని ఇంట్లో దాచిన ఎండు నెత్తళ్ళు, కవళ్ళు తడిసి పురుగు పట్టాయి, అది ఏ కాగితం మీదా నష్టంగా రాయలేదు. అప్పు మాత్రం ఆగదు, రోజు వడ్డీకి తెచ్చుకున్న పెట్టుబడి అది. మా అత్త ఒకామె నన్ను నిలదీసింది: "మగోళ్ళ వలలు పోయాయని రాసుకుంటన్నావు, నా తట్ట పోనేదేటి? వల ఎండబెట్టింది నేను, సేప అమ్మింది నేను, రాత మాత్రం ఆడికేటి?" ఆవిడ అడిగిన దాంట్లో తప్పేముంది. నా పుస్తకంలో కూడా వాళ్ళ పేర్ల ఎదురుగా బాకీ మాత్రమే రాశాను, పోయినదేమిటో రాయలేదు. ఆ రాత్రే మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి రాశాం. ఒక్కొక్కరికి 3 వేల చొప్పున, మొత్తం 78 వేలు, వడ్డీ లేకుండా, తట్టకీ ఐసుపెట్టెకీ పెట్టుబడికీ ఇచ్చాం. ఎప్పటిలోగా తిరిగివ్వాలన్న గడువు పెట్టలేదు, తిరిగి వచ్చింది మళ్ళీ వాళ్ళలోనే ఇంకొకరికి వెళ్ళాలన్నది ఒక్కటే మాట.

నవంబరు రెండో వారంలో మొదటి నాలుగు తెప్పలు దిగాయి. గంగమ్మకి పసుపు కుంకుమ పెట్టారు, కొబ్బరికాయలు కొట్టారు, అవి పక్క తోటల్లో రాలిపడ్డవే. నాన్న తెప్ప మూడోది. ఒడ్డు కెరటం దాటేదాకా ఊరంతా నిలబడే ఉన్నారు, అమ్మ అయితే మధ్యాహ్నం అవి తిరిగొచ్చేదాకా ఇంటికే రాలేదు. కవళ్ళు పడ్డాయి, మరీ ఎక్కువేం కాదు. కొట్టుకొచ్చిన మానులు అడుగున ఉండి రెండు వలలు చిరిగాయి, అందుకే తర్వాత పది రోజులు ఎవరికి ఎక్కడ తగిలిందో సరంగులు ఒకరికొకరు చెప్పుకుని ఆ చోట్లు వదిలేసి వేశారు.

చేప వచ్చాక తెలిసింది, తెప్పలు దిగినంత మాత్రాన గట్టెక్కినట్టు కాదని. ఐసు ఫ్యాక్టరీలు ఇంకా సరిగ్గా నడవడం లేదు, ఐసు లేని చేపని మధ్యాహ్నానికల్లా ఎంతకైతే అంతకి అమ్మెయ్యాలి. ఇంకోటి మేం ముందు ఆలోచించనిది, మా చేప కొనేది ఎవరు? ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మీద బతికే రైతులు, కూలీలు. వాళ్ళ తోటలే పడిపోయాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఐదారేళ్ళు పడుతుంది. అత్తలు తట్టలు తీసుకుని వెళ్తే "ఇప్పుడు డబ్బుల్లేవు, రాసుకో" అనేవారట. సముద్రం ఒడ్డునున్నవాడికీ తోటలో ఉన్నవాడికీ ఇంత ముడి ఉందని అక్కడే పెరిగిన నాకు కూడా అంతగా తెలియదు. కొన్నాళ్ళు పలాస, కాశీబుగ్గ మార్కెట్‌కి ఆటోలు మాట్లాడి పంపాం, నలుగురైదుగురు కలిసి ఒక ఆటో, ఐసుపెట్టెలతో. అది డిసెంబరు దాకా సాగింది.

అందరూ నిలదొక్కుకున్నారని నేను చెప్పను. సంక్రాంతికి పద్నాలుగు బాగైనవీ, మూడు చెడనివీ, మొత్తం పదిహేడు తెప్పలు నీళ్ళలో ఉన్నాయి. రెండు ముక్కలైన తొమ్మిదింటిలో తర్వాత రెండేళ్ళలో నాలుగింటి స్థానంలో కొత్తవి వచ్చాయి, అప్పు చేసే. ఇసకలో వల తవ్వుతున్నాడని చెప్పానే, ఆ బాబాయ్ తెప్ప రెండు ముక్కలైనవాటిలో ఒకటి. డిసెంబరులో గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళిపోయాడు, అక్కడి బోట్ల మీద నెల జీతానికి. మా జిల్లా నుంచి అలా వెళ్ళడం ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ అదే నవంబరు ఆఖర్లో వేరావల్ నుంచి వేటకి వెళ్ళిన మన ఉత్తరాంధ్ర వాళ్ళు పాకిస్తాన్‌కి చిక్కి జైల్లో పడ్డారు, 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలితే ఇళ్ళకి వచ్చారు. వాళ్ళు చిక్కారన్న వార్త తెలిసి కూడా బాబాయ్ వెళ్ళాడు. పిన్ని వద్దని ఏడ్చింది. నేను ఆయన్ని ఆపలేకపోయాను, ఆపి ఏం చూపిస్తాను?

మీరెవరైనా ఇలాంటి ఊరికి వెళ్ళేట్టయితే నా మాటగా కొన్ని గుర్తుపెట్టుకోండి. మొదటి రోజే మెకానిక్‌ని తీసుకెళ్ళండి, బట్టలు తర్వాత. వల కొనేటప్పుడు సరంగు పక్కన లేకుండా కొనకండి. పేర్లు రాసేటప్పుడు తెప్ప ఎవరిదని ఒక్కటే అడక్కండి, ఆ తెప్ప మీద ఎవరెవరు వెళ్తారు, ఆ చేప ఎవరమ్ముతారు అని అడగండి. డబ్బు లెక్క గుడి గోడ మీదో బడి గోడ మీదో అందరికీ కనబడేలా అంటించండి, మేం వారం వారం అంటించాం, ఒక్క గొడవ కూడా డబ్బు గురించి రాలేదు.

ఊళ్ళో ఇప్పుడు ఒక అలవాటు చేసుకున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, తెప్పలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో ప్రతి తెప్పకీ నంబరు కనబడేలా, యజమానీ కలాసీలూ పక్కన నిలబడి ఫోటో, ఇంజను నంబరు ఫోటో, వలలు పరిచి ఫోటో. రిజిస్ట్రేషన్ కాగితం, రసీదులు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ, ఆధార్, అన్నీ ఫోన్లో తీసి మా చెల్లెలి దగ్గరా, నా దగ్గరా, ఊళ్ళో ఇంకో ఇద్దరి దగ్గరా ఉంచుతున్నాం. అసలు కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టి తుపాను హెచ్చరిక రాగానే బడికి వెళ్ళే సంచిలో వేసుకోవాలి. తండ్రుల పేరు మీదో అన్నల పేరు మీదో ఉన్న ఏడింటిలో ఐదు మార్పించాం. చేపలమ్మే వాళ్ళ పేర్లు, వాళ్ళ తట్టలు, ఐసుపెట్టెలు కూడా ఫోటో తీస్తున్నాం. సరుగుడు చెట్లకి తెప్పలు కట్టడం మానేసి ఇసకలో లోతుగా కాంక్రీటు దిమ్మలు పాతి వాటికి కడుతున్నారు.

ఈ నిషేధంలో కూడా పని దాదాపు అయిపోయింది. నాలుగు తెప్పల మీద నంబర్లు చెరిగిపోయి ఫోటోలో కనబడలేదు. వచ్చే ఆదివారం పెయింటు డబ్బా పట్టుకెళ్ళి రాయించి, ఆ నాలుగింటికీ మళ్ళీ ఫోటోలు తియ్యాలి.